చెవిపోటు

రాయదుర్గం మెట్రోలో నా ఒళ్లో బాబు చెవిపోటుతో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్తున్నా, మేనేజర్ "పది నిమిషాలే" అంటూ ఫోన్ మీటింగ్‌లో ఇరికించాడు. ఏడుపు అవతలికి వినబడకుండా మాటిమాటికీ మ్యూట్ నొక్కుతున్నాను.

"ఏంది బిడ్డా, ఊకె గది నొక్కుతున్నవ్?" అంది పక్కసీట్లో పెద్దావిడ. చెప్పాను.

ఆవిడ నాచేత మ్యూట్ తీయించి, ఫోన్‌ని బాబు నోటి దగ్గర పట్టింది. "ఏడువు కొడుకా, జర గట్టిగ ఏడువు. మీ అమ్మ సారుకు ఇనబడాలె."

"మ్యూట్ చెయ్యండి!" అని ఫోన్లోంచి అరిచాడు మేనేజర్.

ఆవిడ తర్వాతి స్టేషన్లో దిగిపోయింది. మీటింగ్ అయ్యేదాకా నేను మ్యూట్ జోలికే పోలేదు. చెవిపోటంటే ఏంటో ఆయనకీ తెలియాలి కదా.