వాడి నోట నా మాట

మొన్న మా చిన్నమ్మాయి మనవడు ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఏదో ఒకటి అను తాతమ్మా అన్నాడు. ఫోనులో ఒక పిల్లి బొమ్మ ఉంది. మనం ఏమంటే అది తిరిగి అదే అంటుంది, కాకపోతే ముక్కుతో. వాడు అన్నం తిన్నావా అంటే పిల్లీ అన్నం తిన్నావా అంది. ఇంట్లో అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను మాత్రం ఫోను ఒళ్ళో బోర్లించేశాను. నేనేమంటానో, ఆ పిల్లి దాన్ని ఎవరి గుమ్మం ముందుకి మోసుకుపోతుందో అని ఒక్క క్షణం నిజంగానే భయపడ్డాను. పిల్లలకి అది ముసలితనపు చాదస్తంలా కనిపించి ఉంటుంది. వాళ్ళకేం తెలుసు, అన్న మాట అన్నట్టుగా తిరిగి అనే మనిషితో యాభై ఏళ్ళకి పైగా ఒకే కప్పు కింద బతికినదాన్ని నేను. వాడు నా పెద్దకొడుకు.

మా ఊరు చీపురుపల్లికి రెండు కోసుల దూరం. రైలెక్కాలన్నా, సంత చెయ్యాలన్నా చీపురుపల్లే. వాడికి నాలుగేళ్ళు నిండినా మాట రాలేదు. నేను మొక్కని దేవుడు లేడు, కట్టని తాయెత్తు లేదు. అయిదో ఏడు నడుస్తుండగా ఒక పొద్దున్న నా కొంగు పట్టుకుని, "నీలు తాగుతావేటి?" అన్నాడు. తల్లి దాహం కనిపెట్టిన బిడ్డని చూసి మురిసిపోయి, చెంబు ఎత్తి గుక్కెడు తాగాను కూడా. వాడు ఏడుపు లంకించుకున్నాడు. దాహం నాకు కాదు, వాడికి. నేను రోజూ వాణ్ణి ఎలా అడుగుతానో అలా అంటేనే నీళ్ళు వస్తాయని వాడు అనుకున్నాడు. వాడి మాటల్లో 'నేను' అన్నది ఎప్పుడూ లేదు. ఎవరి మాట దొరికితే అది వాడిది. గాజులమ్మేవాడి కేక, పురోహితుడి మంత్రం, స్టేషన్లో వేరుశెనక్కాయల ముసలిదాని తిట్లు, అన్నీ ఎవరి గొంతు వాళ్ళదిగా దించేవాడు. మాట ఒక్కటే కాదు, అన్నవాళ్ళు ఎలా నిలబడ్డారు, చెయ్యి ఎక్కడ పెట్టారు, అదీ దించేవాడు. విజయనగరం తీసుకెళ్ళి డాక్టరుకి చూపిస్తే ఆయన నాలుక చూసి, చెవి చూసి, బలానికి మందు రాసిచ్చాడు. ఆ సీసా రంగు అడగండి, ఈ రోజుకీ చెప్తాను. జబ్బు పేరు మాత్రం ఆయనా చెప్పలేదు, నాకూ అడగాలని తోచలేదు.

చిన్నప్పుడు ఊరికంతా వాడొక వేడుక. పద్నాలుగేళ్ళు వచ్చి, నాకంటే జానెడు ఎత్తు పెరిగి, మూతి మీద నూగు మొలిచేసరికి ఆ వేడుక పోయింది. వాడు నూతి దగ్గరికి వస్తే ఆడపిల్లలు సగం నిండిన బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయేవారు. ఈడు కుర్రాళ్ళు వాడికి బూతులు నేర్పి పెద్దల మీదికి తోసేవారు. ఇక ఇంట్లో అయితే, ఏ మాట ఎక్కడ దించుతాడోనని అందరివీ గుసగుసలే. ఒకసారి రుబ్బురోలు దగ్గర నాలో నేను, "ఈ ముసిలిదానికి పల్లు నేకపోయినా నోరు మాత్రం ఉన్నాది" అని గొణుక్కున్నాను. మర్నాడు మా అత్తగారు భోజనానికి కూర్చోగానే వాడు ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుని, రుబ్బుతున్నట్టు చెయ్యి తిప్పుతూ నా గొంతుతో అదే అన్నాడు. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. చోడి అంబలి, అదే రాగి జావ, మాత్రం పూటకి రెండు లోటాలు తాగింది. మా తోడికోడలు, అంటే బావగారి భార్య, అంతకంటే తెలివైనది. గోడ అవతల ఇల్లు వాళ్ళది. వాడి చేతిలో బెల్లం ముక్క పెట్టి, "మీ యమ్మ నన్నేటన్నాది రా?" అని అడిగేది. అది తెలిసిన దగ్గర్నుంచి నా కొడుక్కి ఎవరు ఏమి పెట్టినా నాకు అనుమానమే. వాడు ఇంటికి రాగానే నోరు వాసన చూసేదాన్ని. బెల్లం వాసన వస్తే ఆ రోజు నేనేం మాట్లాడానో మొదటినుంచీ గుర్తు తెచ్చుకునేదాన్ని. నా జ్ఞాపకశక్తికి చదువు కారణం కాదు, ఇదే కారణం.

అరవైలు ముగిసిపోతున్న ఆ రోజుల్లో ఊరి గాలే అలాంటిది. కొండల వైపు గిరిజనుల తిరుగుబాటు గొడవలని చెప్పుకునేవారు. జీపు చప్పుడైతే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. కొత్త మనిషి మంచినీళ్ళడిగినా ఇచ్చేముందు ఊరూ పేరూ కనుక్కునేవారు. ఒక పేరు పోలీసు స్టేషను దాకా వెళ్ళిందంటే ఆ మనిషి ఎలా తిరిగొస్తాడో ఎవరూ చెప్పలేకపోయేవారు. అలాంటి కాలంలో మా బావగారి కంబారి, ఏడాది జీతానికి కుదిరిన పనివాడు, మా వాడితో స్నేహం కట్టాడు. కళ్ళంలో పక్కన కూర్చోబెట్టుకుని గడ్డితాడు పేనడం నేర్పాడు. ఏ మాటా పట్టించుకోకుండా తిరిగే పిల్లాడు పొద్దుగూకేదాకా కదలకుండా తాడు పేనేవాడు. సంతోషించాలి కదా. నాకు సంతోషం కంటే ముందు సందేహం వచ్చింది. కన్న తండ్రే విసుక్కునే పిల్లాడి మీద ఊరివాడికి ఇంత ఓపిక ఎందుకు? ఎవరు పంపారు? ఏం రాబడుతున్నాడు? మూడు రోజులు పేడ ఎత్తే వంకతో కళ్ళం గోడ పక్కన నిలబడి విన్నాను. ఆ కంబారి, "బిగించు బావూ, ఇంకా బిగించు" అనడం తప్ప ఏమీ వినలేదు. అయినా నా మనసు ఒప్పుకోలేదు. నేనున్నట్టు తెలిసే అలా మాట్లాడుతున్నాడని అనుకున్నాను.

ఫాల్గుణ మాసంలో ఒక మిట్టమధ్యాహ్నం బావగారి గడ్డికుప్ప అంటుకుంది. పశువులకి ఏడాది మేత. ఊరంతా కుండలతో పరిగెత్తినా నల్లటి గుండ్రం తప్ప ఏమీ మిగల్లేదు. ఆ గొడవలో మావాడు వెనక దారిన ఇంటికొచ్చాడు. జుట్టులో మసి, పంచెకి పొగ వాసన, కుడి అరికాలు కమిలి బొబ్బ. మంట చూడ్డానికి పోయిన వాళ్ళలో సగం మంది అలాగే తిరిగొచ్చారు. కానీ నాకు అది తట్టలేదు. వంటింటి తలుపు మూసి, వాడి రెండు భుజాలూ పట్టుకుని, పక్కింటికి వినపడకుండా అడిగాను. "నువ్వే నిప్పెట్టినావా? నిజం సెప్పు, నువ్వేనా?" వాడు గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. ఎన్నిసార్లు అడిగానో. ఏడుపు వచ్చేదాకా అడిగాను, వాడికి కాదు, నాకు. తర్వాత పంచె ఉతికేశాను, అగ్గిపెట్టె బియ్యం కుండలో దాచాను. కొడుక్కి, దొంగకి కాసినట్టు కాపలా కాశాను.

మర్నాడు బావగారి అరుగు మీద నలుగురు పెద్దలు కూర్చున్నారు. మా ఆయన కూడా ఒక మూల తల దించుకుని కూర్చున్నాడు. కంబారిని పిలిపించారు. వారం కిందట అతను చెల్లెలి ఇంటికి వెళ్ళొస్తానని సెలవు అడిగితే బావగారు తిట్టి పంపారట. ఆ కడుపుమంట మీద కుప్ప కాల్చాడని అందరి మనసులోనూ ఉంది. మధ్యాహ్నం ఎద్దుల్ని గెడ్డకి, అంటే వాగుకి, తోలుకుపోయానని అతను చెప్పాడు. చూసినవాళ్ళు లేరు. నేను మా గుమ్మం తలుపు వెనక ఉన్నాను. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య భర్త అన్నగారి ఎదట పడకూడదు, మాట్లాడకూడదు. పెళ్ళయి పదహారేళ్ళు, ఆయన గొంతు నేను వినడమే గాని నా గొంతు ఆయన వినలేదు.

అప్పుడు మా వాడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. స్నేహితుడు కనపడ్డాడు కదా. తిన్నగా కంబారి ముందుకి వెళ్ళి, అతని రెండు భుజాలూ పట్టుకుని, "నువ్వే నిప్పెట్టినావా? నిజం సెప్పు, నువ్వేనా?" అన్నాడు.

కంబారి మొహంలో రక్తం లేదు. "ఏటి బావూ, నానా?" అన్నాడు మెల్లగా. బావగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఆడికి అల్లి సెప్పడం రాదు. సూసుంటాడు, అందుకే అడుగుతన్నాడు. ఇంకేటి కావాల? టేసనుకి కబురెట్టండి" అన్నారు. నిన్నటిదాకా వాణ్ణి పిచ్చోడన్న నోళ్ళన్నీ ఆ ఒక్క నిమిషంలో వాణ్ణి సాక్షిని చేసేశాయి.

తలుపు వెనక నేను విన్నది వాడి గొంతు కాదు. నాది. గొంతు తగ్గించి అడిగిన తీరు నాది, భుజాలు పట్టుకున్న చేతులు నావి. అబద్ధం ఎందుకు చెప్పాలి, ముందు నాకు ఊపిరి ఆడింది. నేను నోరు మూసుకుని ఉంటే చాలు, నా కొడుకు బయటపడ్డట్టే. నోరు విప్పితే కన్నతల్లే అనుమానించిందని తేలుతుంది. ఆ తర్వాత వాణ్ణి గొలుసు వేసి కట్టమనో, పిచ్చాసుపత్రిలో పడెయ్యమనో బావగారు ఎప్పట్నుంచో అంటున్న మాటకి అడ్డం పడేవాడుండడు. నిలబడ్డాను. కబురు తీసుకెళ్ళేవాడు చెప్పులేసుకుంటున్నాడు. మావాడు ఇంకా ఆ భుజాలు వదల్లేదు. కంబారి వాణ్ణి విదిలించుకోలేదు. అంత జరుగుతున్నా, పిల్లాడు అరుగు మీంచి పడిపోకుండా ఒక చేత్తో వాడి నడుం పట్టుకునే ఉన్నాడు. అది చూశాక తలుపు వెనక నిలబడలేకపోయాను.

కొంగు తల మీదికి లాక్కుని బయటికొచ్చాను. "బావగారూ, ఆ మాట ఆడిది కాదు, నాది. నిన్న నానే ఆడిని అడిగినాను. నానడిగింది నానడిగినట్టే అన్నాడు" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. మా ఆయన్ని అడిగారు. "మీ ఆడదేటంతంది రా? అయితే కొడుకు మీద దానికీ అనుమానఁవేనా?"

మా ఆయన నోరు తెరిచేలోగా నేనే చెప్పాను. "అనుమానం ఉన్నాది. నాకందరి మీదా ఉన్నాది. సూసినోలు మాత్రం ఎవులూ నేరు. నమ్మకపోతే ఆడిని మీరే అడగండి."

బావగారు దగ్గి, గొంతు సవరించుకుని, "కుప్పకి నిప్పెవులెట్టినార్రా?" అని గద్దించారు. మావాడు కంబారిని వదిలి ఆయన వైపు తిరిగాడు. లేని తువ్వాలు భుజాన సర్దుకున్నాడు. దగ్గాడు. గొంతు సవరించుకున్నాడు. "కుప్పకి నిప్పెవులెట్టినార్రా?" అని గద్దించాడు. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత పెద్దలూ ఆపుకోలేకపోయారు. చెప్పులేసుకున్నవాడు వాటిని మళ్ళీ విప్పాడు. సాక్షి పోయాక కబురూ పోయింది.

నవ్వుతో అయిపోలేదు. మావాడు కళ్ళంలో అడుగు పెట్టకూడదన్నారు బావగారు. రెండిళ్ళ మధ్య నడిచే దారికి తడిక పడింది. నేను ఎదటపడి మాట్లాడిన సంగతి కుప్ప కాలిన సంగతి కంటే ఎక్కువ రోజులు నడిచింది. కంబారి ఉగాది దాకా ఉండి వేరే ఊరు పనికి పోయాడు. వెళ్తూ మా గుమ్మం దగ్గర ఆగి, "నీ మాట వల్ల బతికినాను బుగతమ్మా" అన్నాడు. ఆసామి ఇంటి ఆడవాళ్ళని పనివాళ్ళు అలాగే పిలిచేవారు. ఏ మాట వల్ల అన్నాడో నాకు బోధపడలేదు. నా మాటే కదా అతని మీద పడింది. వెటకారమేమోనని కూడా అనుకున్నాను. కుప్ప ఎవరు కాల్చారో ఈనాటికీ తెలియదు. అతను కాదని నమ్మడానికి నాకు పదేళ్ళు పట్టింది. వాడు కాదని నమ్మడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

వాడు యాభై దాటి బతికాడు. గాజులవాడి కేకా, మంత్రాలూ ఒక్కొక్కటే మర్చిపోయాడు. ఆ మాట మాత్రం పోలేదు. కుండ పగిలినా, పాలు విరిగినా, చూరు కారినా, ఎవరో ఒకరి భుజాలు పట్టుకుని నువ్వేనా అని అడిగేవాడు. అరుగు మీద అందరి ముందూ నేనన్న మాట ఒక్కసారైనా అంటాడేమోనని చూశాను. అనలేదు. "నువ్వు కాదు నాన్నా" అని పక్కన కూర్చుని ఎన్నిసార్లు నేర్పానో లెక్కలేదు, అదీ పట్టలేదు. నా గొంతు బొంగురుపోయింది, పళ్ళు ఊడాయి, మాట తడబడడం మొదలైంది. వాడి నోట్లో మాత్రం నేను ముప్పై ఏళ్ళ మనిషిగానే ఆగిపోయి, తలుపు మూసి, పక్కింటికి వినపడకుండా, చివరిదాకా వాణ్ణి అనుమానిస్తూనే ఉన్నాను.