సెలవు సీసా

మా క్రోసూరులో త్రికోటేశ్వరరావు బాబాయి అంటే ఎవరికీ తెలియదు, మిలిటరీ బాబాయి అనాలి. పటాలంలో లారీ నడిపి రిటైరై వచ్చి, ఇప్పుడు మిరప వేస్తున్నాడు. ఇంత పొడుగు మీసాలు, వీధంతా వినపడే గొంతు. తాగేది మాత్రం పిల్లల ఐస్‌క్రీమ్ లాంటి మందు. కాఫీ, మీగడ కలిపిన తియ్యటి క్రీమ్ మందు ఒకటి మిలిటరీ క్యాంటీన్‌లో దొరికేదట. సెలవుకి వచ్చినప్పుడల్లా ఒక సీసా తెచ్చేవాడు. రోజూ సాయంత్రం బసవమ్మ పిన్ని వంటింట్లో రెండు గ్లాసుల్లో పోసి తెచ్చేది, ఇద్దరూ అరుగు మీద కూర్చుని తాగేవాళ్లు. సీసా అయిపోయిందంటే ఆయన పెట్టె సర్దుకునే రోజు వచ్చినట్టే.

ఆ కంపెనీ ఆ మందు చేయడం మానేసి చాలా ఏళ్లయింది. బాబాయికి మాత్రం ఆ రుచి నాలుక మీద నుంచి పోలేదు. ఒక్కసారి మళ్లీ తాగితే చాలంటాడు. గుంటూరు క్యాంటీన్‌లో అడిగాడు, నడికుడిలో హైదరాబాదు రైలెక్కే ప్రతివాడికీ చెప్పి పంపాడు. లాభం లేక తనే మొదలుపెట్టాడు. రమ్ములో డబ్బా పాలు, కాఫీ డికాక్షను. రుచి చూడటానికి పక్కింట్లో నేనొకణ్ణి దొరికాను. నా కడుపు సంగతి ఆయనకెందుకు?

మొన్న పాత పటాలం స్నేహితుడెవరో అలాంటిదే విదేశీ సీసా పంపాడు. బాబాయి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని మరీ కూర్చున్నాడు. ఒక గుక్క తాగి మొహం వేలాడేశాడు. మందు వాసన కొడుతోందట, పల్చగా ఉందట, ఆ చిక్కదనం లేదట. పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది.

పక్కన మిరపకాయల తొడిమలు తీస్తున్న పిన్ని ఇక ఆగలేకపోయింది.

"ఎందుకుంటది? నువ్వు తాగిందాంట్లో సగం మన గేదె పాలు. చిక్కగా మరగకాసి కలిపేదాన్ని. ఆఖరి రోజుల్లో అయితే అన్నీ పాలే, వాసనకి రెండు చుక్కలు."

"మరి నాకు ఎక్కేది కదే?"

"అదేందో నీకే తెలవాల."

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. బాబాయికి కోపం వచ్చింది. ఇన్నేళ్లూ మొగుడికి కల్తీ మందు పోస్తావా అని గొంతు లేపాడు. పిన్ని తల ఎత్తలేదు.

"నీ సెలవు పెంచటం నా చేతిలో లేదు. సీసా అయితే నా చేతిలోనే ఉండేది. అది అడుగంటుతుంటే చూళ్లేకపోయేదాన్ని."

బాబాయి ఆ విదేశీ సీసాకి మూత బిగించి నా చేతిలో పెట్టాడు.

"ఇది నువ్వు పట్టకపోరా" అన్నాడు. పిన్ని వైపు తిరిగి, "ఇంక నేను ఎక్కడికీ ఎల్లేది లేదుగా. ఉత్త పాలే కాసి పట్రా" అన్నాడు.