తెరకు రెండో కొస

జూన్ పద్నాలుగు, మంగళవారం. పొద్దున్నే తలుపు తీసేసరికి మా ఇంటి ముందు దండెం మీద పంతులు తెర వేలాడుతోంది. నీళ్లు కారుతున్నాయి. ఆ తెరను ఆయన తన సంచిలోంచి తానే తీసేవాడు, తానే మడిచి పెట్టేవాడు. ఇంకొకరి చేతికి ఇవ్వగా నేను చూడలేదు. ఎవరో ఎత్తుకొచ్చి ఇక్కడ ఆరేశారేమోనని నా మొదటి అనుమానం. ఆ తర్వాత అరుగు చివర ముడుచుకుని కూర్చున్న ఆయన కూతురు కనిపించింది.

"నాయిన పోయిండు బిడ్డా. శుక్రవారం నాడు," అంది.

జ్వరం దిగనే లేదట. మూడో రోజు కర్మ అయ్యాక నెక్కొండలో పొద్దుటి పాసింజరు ఎక్కి వచ్చిందట. స్టేషన్ నుంచి నడుస్తుంటే వాన పట్టుకుంది, తెర తడిసింది. మైలలో ఉన్నందున లోపలికి రానంది. అమ్మ చాయ బయటికే తెచ్చి ఇచ్చింది.

మీలో చాలామంది ఆయనను చూసి ఉండరు. ఆయన మాకు భాగోతం నేర్పిన పంతులు. నా చిన్నప్పటి నుంచి ప్రతి ఎండాకాలం వరంగల్లులో మా గల్లీకి వచ్చేవాడు. మావాళ్లంతా మిల్లు పనివాళ్లు. షిఫ్టు దిగి, ఒంటి మీది దూది దులుపుకుని, రాజులూ రాణులూ అయ్యేవారు.

భాగోతం చూడనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. కొత్త వేషం వచ్చేటప్పుడు ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని తెర నిలబెడతారు. వేషగాడు దాని వెనక ఆడుతుంటాడు. జనానికి ముందు తెర కింది నుంచి గజ్జెల కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. పాట ఒక దరికి వచ్చాకే తెర తీస్తారు, మొహం అప్పుడు తెలుస్తుంది. మా పంతులు దగ్గర చేరాలంటే ఎవరైనా సరే మొదటి ఎండాకాలమంతా ఆ తెర పట్టాల్సిందే.

మిల్లులో పనివాళ్ల మీద జాబరుగా చేసే ఒకాయన రాజు వేషం కావాలని వచ్చాడు. మీసం ఉన్నది, గొంతు ఉన్నది, ఇంకేం గావాలె అన్నాడు. "భుజాలున్నయా? పట్టు," అని పంతులు కొస చేతికిచ్చాడు. రెండో నాడు ఆ పెద్దమనిషి రాలేదు. ఇంట్లో దోమతెర కూడా కట్టనోడు ఇక్కడ తెర పడతాడా అని ఆయన భార్యే నవ్వింది.

పంతులుకు అన్నిటి మీదా అనుమానమే. పందిరి ఎవరు వేసినా ప్రతి గుంజనూ తానే ఊపి చూసేవాడు. ఎవరైనా మెచ్చుకుంటే దండం పెట్టి, వాళ్లు అటు పోగానే "ఈయనకు ఏం గావాల్నో," అని మెల్లగా అనేవాడు. మాకు నవ్వొచ్చేది. ఆ అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో పెద్దయ్యాక బాపు చెప్పాడు.

నేను బడికి వెళ్లే రోజుల్లో మైకు పెట్టుకుని ఒక జీపు మా గల్లీకి వచ్చింది. పాటగాళ్లు, తాళం కొట్టేవాళ్లు రండి, ఊరూరా ప్రోగ్రాములు, మంచి అవకాశం అని పిలిచింది. పంతులు నమ్మాడు. తనతో తాళం కొట్టే మా బాబాయిని తానే చెప్పి పంపాడు. బాబాయికి అప్పటికి పెళ్లి కాలేదు. పాట పాడిస్తామని తీసుకుపోయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి పంపారు. ఆ తర్వాత ఎన్ని సంబంధాలు వచ్చినా ఆయనే వద్దన్నాడు. అయినా పంతులును ఒక్క మాట అనలేదు. ఈ ఎండాకాలం దాకా ఆయన పక్కనే కూర్చుని తాళం కొట్టాడు. మళ్లీ జీపు చప్పుడైతే మాత్రం మా మగవాళ్లు దొరికేవారు కాదు. ఒకసారి రాణి వేషం కట్టి ఉన్నవాడు నల్లా దగ్గర ఆడవాళ్ల వరసలో బిందె పట్టుకుని నిలబడ్డాడు.

మొన్న ఏప్రిల్‌లో ఇంకో జీపు వచ్చింది. ఒక సారు దిగకుండానే మైకులో మాట్లాడాడు. పల్లెల్లో చదువు గురించి, ఆరోగ్యం గురించి నాటకాలు వేస్తారట. ఆ ఊరివాళ్లనే కలుపుకుని ఆడతారట. అనుభవం అక్కర్లేదు, ఆసక్తి చాలు, ఆడపిల్లలు కూడా చేరవచ్చు అన్నాడు. జూన్ పదిహేనున పొద్దున మళ్లీ వస్తాం, వచ్చేవాళ్లు గల్లీ మొగలో, రోడ్డు దగ్గర ఉండండి అన్నాడు. తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. నేను మాత్రం కిటికీ దగ్గర నిలబడిపోయాను. నేను డిగ్రీ చదువుతున్నాను. పుస్తకంలో మంచి వాక్యం కనిపిస్తే పైకి చదవకుండా ఉండలేను. నా నోటి మాట నలుగురిలో ఎలా మోగుతుందో వినాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. మా భాగోతంలో ఆడపిల్లలకు చోటు లేదు.

బాపును అడిగాను. "పంతులు సరే అంటె పో," అన్నాడు, పంతులు అనడని ధీమాతో.

పంతులు అవునని గానీ కాదని గానీ అనలేదు. "ఆసక్తి చాలంటాండు. మరి తెర ఎవలు పడ్తరట?" అని మాత్రం అడిగాడు. మరునాడు సాయంత్రం ఆటలో అందరి ముందూ ఒక కొస నా చేతికిచ్చాడు. గల్లీలో గుసగుసలు పోయాయి. ఆయన పట్టించుకోలేదు.

తెర పట్టాక గానీ దాని వెనక ఏం జరుగుతుందో నాకు తెలియలేదు. రోజూ బీరాలు పలికే మా ఎదురింటి మామ రాజు వేషంలో నా భుజం పక్కన నిలబడి వణుకుతున్నాడు. జనానికి కనపడే కాళ్లు మాత్రం లయ తప్పలేదు. ఆట అయ్యాక పంతులు నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

"నీకు మాటల మీద మోజా బిడ్డా, మొకం మీద మోజా?"

మాటల మీదనే అన్నాను.

"అయితె మాటలను గుడ జర అనుమానంగనే సూడు."

ఆ రాత్రి నాకు కోపం వచ్చింది. కానీ అప్పటి నుంచి నేను రాసిన వాక్యం నాకే బాగా నచ్చితే, దీనికి ఏం కావాలో అని ఒకసారి ఆగి చూస్తున్నాను. ఏ క్లాసులోనూ నాకు ఇది చెప్పలేదు. ఆ రోజే జీపు సంగతి కూడా ఆయన్ని అడిగాను. ఆయన తెర మడత పెడుతూ అన్నాడు. "జీపుల కూసున్నోళ్ల కాళ్లు కనపడయి బిడ్డా. నా ఫికర్ గదే."

మే నెల చివర ఒళ్లు వెచ్చగా ఉందని ఊరికి పోయాడు. జీపు వచ్చే నాటికి వస్తా, అప్పుడు చెప్తా అన్నాడు.

ఇవాళ కబురు విని బాపు దండెం వైపు చూశాడు. తర్వాత నాతో, పంతులు మాట చెప్పకుండానే పోయాడు కదా, ఇగ ఆ ముచ్చట ఒడిసింది అన్నాడు. అరుగు మీది నుంచి ఆయన కూతురు తలెత్తింది.

"మాట చెప్పిండన్నా. తెర ఆ పిల్లకు ఇయ్యుమన్నడు. పొమ్మని అనలే, వద్దని అనలే. ఒక కొస ఆమె పడ్తది, రెండో కొస ఎవలు పడ్తరో సూసుకొమ్మను అన్నడు."

అప్పటికే వచ్చి గోడవార నిలబడ్డ తాళం బాబాయి తడి తెరను ఒకసారి తడిమాడు. రేపు తానూ మొగ దాకా వస్తానన్నాడు. "జీపు మాత్రం నేనెక్కను. జర దూరంగ నిలబడి తాళం కొడ్త," అన్నాడు.

సాయంత్రానికి తెర ఆరింది. ఎన్నో ఎండాకాలాలు కాళ్లు రేపిన దుమ్ము దాని అంచు పొడవునా ఒక నల్లటి గీతలా నిలిచిపోయి ఉంది. ఇవాళ్టి వానకు కూడా అది పోలేదు. మడతలో ఆ అంచు పైకి వచ్చేలా పెట్టుకున్నాను, ఆయన అలాగే పెట్టేవాడు.

రేపు పొద్దున జీపు రాగానే ఆ సారును దిగమని అడుగుతాను. ఒక కొస నేను పట్టి, రెండోది ఆయనకిస్తాను. బాబాయి తాళం ఒక దరికి వచ్చేదాకా పట్టి నిలబడితే జీపెక్కుతాను. నవ్వి డ్రైవరును పట్టమంటే తెర మడుచుకుని ఇంటికి వస్తాను. కొస చేతికిచ్చాక ఆయన మొహం చూడను. తెర కిందికి చూస్తాను.