బాబాయికి నేను చెప్పిన అబద్ధం

మా బాబాయి పోయాడని తెనాలిలో నాకు హాస్టల్ వార్డెన్ చెప్పారు. కెమిస్ట్రీ క్లాసులోంచి బయటికి పిలిచి, "మీ బాబాయికి గుండెపోటు వచ్చిందంటమ్మా, బట్టలు సర్దుకో" అన్నారు. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసిన తీరులోనే మిగతాది తెలిసిపోయింది. రేపల్లె రైల్లో నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. పిన్నికి ఏడో నెల. పదకొండు నెలలు ముందుగా వైద్యం మొదలై ఉంటే బాబాయి తన బిడ్డను ఎత్తుకునేవాడేమో. ఆ పదకొండు నెలలూ నా వల్లే పోయాయి. ఈ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

బాబాయికి రేపల్లె అవతల రొయ్యల చెరువులు ఉండేవి. నీటి చుక్క నాలుక మీద వేసుకుని ఉప్పు ఎంత ఉందో చెప్పేవాడు. సెలవులకి వెళ్తే నన్ను బండి మీద గట్టు దాకా తీసుకెళ్లేవాడు. సీడ్ వచ్చిన రోజు కాసిని రొయ్య పిల్లల్ని తెల్ల బేసిన్లో వేసి, నీళ్లని చేత్తో గిర్రున తిప్పేవాడు. మంచి పిల్లలైతే నీటికి ఎదురు ఈదుతాయి. బలం లేనివి మధ్యలో కుప్పగా చేరతాయి. "సీడ్ బాగోకపోతే చెరువుని తిట్టుకుని లాభం లేదు అమ్మలూ" అనేవాడు.

పెళ్లయి ఆరేళ్లయినా వాళ్లకి పిల్లలు లేరు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు బాబాయి బాపట్లలో మా ఇంటికి వచ్చాడు. రేపల్లెలో అయితే తెలిసినవాళ్లు చూస్తారని, బాపట్ల ల్యాబులో పరీక్ష చేయించుకున్నాడు. టీ తాగి, నన్ను డాబా మీదకి పిలిచి చొక్కా లోపలినుంచి కవరు తీశాడు.

"నీకు ఇంగ్లీషు వచ్చు కదా. ఏం రాశారో చెప్పు. మీ నాన్నతో మాత్రం అనకు."

మొదటి లైనులోనే అది వీర్య పరీక్ష అని అర్థమైంది. కౌంట్, కదలిక, ఆకారం. మూడూ తక్కువే, పక్కన ఇంగ్లీషులో 'లో' అని నల్లగా ఉంది. ఆ మాటలు నేను సైన్సు పరీక్షలో రాశాను. ఆ పాఠాన్ని మా టీచర్ మమ్మల్నే చదువుకోమని వదిలేశారు. బాబాయి ముందు వాటిని నోటితో అనాలంటే చెవులు కాలిపోయాయి. తెలుగులో ఏమంటారో కూడా నాకు తెలీదు.

"అన్నీ నార్మలే బాబాయ్" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. ఇక డాక్టరు దగ్గరికి తాను వెళ్లక్కర్లేదనుకున్నాడు. ఆ తర్వాత పిన్ని వెళ్లింది. పరీక్షలు, ఇంజెక్షన్లు, పథ్యాలు. బంధువుల అమ్మాయి సీమంతంలో పిన్ని గాజులు తొడగబోతే మా నానమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, "నువ్వు ఆగమ్మా, పిల్లలున్నోళ్లు తొడగాలి" అంది. నేను పక్కనే ఉన్నాను. జాకెట్ ముక్కల పళ్లెం పట్టుకుని నేల చూపులు చూశాను.

పదకొండు నెలలయ్యాక తెనాలిలో ఒక లేడీ డాక్టరు పాత కాగితాలన్నీ అడిగారు. అలా బయటపడింది. ఆ సాయంత్రమే బాబాయి బాపట్ల వచ్చాడు. నేను తలుపు వెనక్కి వెళ్లిపోయాను.

"రా అమ్మలూ, కొట్టనులే" అన్నాడు. "డాక్టరుకి చూపించడానికి సిగ్గుపడి చిన్నపిల్ల చేతికిచ్చాను. ఆ సిగ్గు నాది. నీకంటించాను, అంతే."

సారీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

తర్వాత వారం వ్రతానికి అందరం రేపల్లె వెళ్లాం. నానమ్మ మళ్లీ పిన్నిని ఏదో అంది. బాబాయి వడ్డిస్తున్న సాంబారు గిన్నె కింద పెట్టాడు.

"దాన్నేం అనకమ్మా. నా సీడ్‌లోనే కదలిక లేదు. డాక్టరు రాసిచ్చారు."

మా నాన్నకి పొలమారింది. "ఆడాళ్ల మధ్యలో ఏం మాటల్రా అవి!" అంది నానమ్మ.

"ఆడాళ్ల మధ్యలోనేగా దాన్ని ఇన్నాళ్లూ అన్నారు" అని, గిన్నె తీసుకుని తర్వాతి విస్తరి దగ్గరికి వెళ్లాడు.

సిగరెట్లు మానేశాడు. కదిలే వీర్యకణాన్ని ఒక్కదాన్ని ఏరి సూదితో గుడ్డులోకి పంపే పద్ధతి ఉందని డాక్టరు చెప్పారట. మొదటిసారి నిలవలేదు. రెండోసారి నిలిచింది. ఆ కబురు నాకు ఫోన్లో చెప్తూ, "ఒక్కటి ఎదురీదింది అమ్మలూ" అన్నాడు. ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

బాబాయి దినాలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. పిన్ని గదిలో ఒక్కతే పడుకుని ఉంది. నేను కింద కూర్చుని మొత్తం చెప్పేశాను. డాబా, కవరు, నార్మల్ అన్న మాట.

పిన్ని నా వైపు తిరిగింది.

"ఆయనకి తెలుసా?"

"తెలుసు పిన్నీ."

"మరి ఆయన నాకెందుకు చెప్పలేదు?"

"నన్ను తిడతావని అనుకుంటా."

"తిట్టేదాన్నే" అంది. అటు తిరిగి పడుకుంది. నేను లేచి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేయబోయాను.

"తలుపు వెయ్యకు."

అంతే అంది. గుమ్మం బయట గోడకి ఆనుకుని కూర్చున్నాను. తెరిచిన తలుపులోంచి పిన్ని పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. నీరు పట్టి, మెరుస్తూ, ఒకదాని మీద ఒకటి.