తాళం కోసం పట్టిన తాడు

ఏడో తరగతిలో బడికీ నాకూ సంబంధం తెగింది. బడి పెద్దగా బాధపడినట్టు లేదు. ఆ తర్వాత నేను నమ్ముకున్నవి నా నోరు, నా ఆటో. అరకు చుట్టుపక్కల కొండల్లో ఆ రెండూ ఎక్కడా ఆగవని పేరు.

మా చెల్లి అలా కాదు. ఇంటర్ పూర్తి చేసింది, విశాఖపట్నంలో వంటల శిక్షణ కూడా తీసుకుంది. తిరిగొచ్చాక తన ఈడు అమ్మాయిలు నలుగురిని కూడగట్టి ఒక కోరిక పట్టుకుంది. జలపాతానికి పోయే రోడ్డు పక్కన మా పంచాయతీ కట్టించిన రెండు గదులున్నాయి. కట్టిన్నాటి నుంచీ వాటికి తాళమే. ఆ గదులిస్తే టూరిస్టులకు చోడి రొట్టెలు, అంటే రాగి రొట్టెలు, మా తోటల కాఫీ అమ్ముకుంటామని గ్రామసభ పెట్టినప్పుడల్లా అడిగారు. చూద్దామనేవారు. చూస్తూ చూస్తూ ఏడాది దాటింది. చివరికి చెన్నై దగ్గర బట్టల కంపెనీకి మనుషుల్ని తీసుకుపోయే ఏజెంటుకు ఐదుగురూ సరేనన్నారు. పండగ మర్నాడే వ్యాను.

చెల్లి నీలం రంగు బ్యాగు కొనుక్కుంది. అందులో నన్ను కూడా మడతపెట్టి తీసుకుపోవచ్చని వేళాకోళం ఆడాను. మామూలుగా అయితే నన్ను నాలుగు తిట్టేది. ఆ పూట జిప్పు లాగుతూ, మళ్లీ తెరుస్తూ కూర్చుంది. నాకూ ఇంకో జోకు తట్టలేదు.

అది ఇటుకల పండగ. మగవాళ్లు వేటకని అడవికి పోతారు. ఖాళీ చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు. అంతవరకూ వాళ్లు ఊరికే కూర్చోరు, రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి వచ్చేపోయే బళ్లను ఆపుతారు. ఏదో ఒకటి చేతిలో పడేదాకా తాడు దించరు. ఇవ్వకుండా దాటడం మా కొండల్లో తప్పు. నా వేట ఎలాంటిదో ఊరందరికీ తెలుసు కనుక, పేడనీళ్లకు భయపడి, సర్పంచిని మండలాఫీసుకు తీసుకెళ్లే పని ఒప్పుకున్నాను. ఆవిడ మాకు వరసకు అత్త.

సరిగ్గా ఆ గదుల ముందే తాడు. ఒక కొస మా చెల్లి చేతిలో ఉంది. మిగతా అమ్మాయిలూ, వాళ్ల తల్లులూ డప్పుకు అడుగులేస్తున్నారు. అత్త నవ్వుతూ పర్సు తీసింది.

“డబ్బులొద్దత్తా,” అంది చెల్లి. “ఆ గదుల తాళమియ్యి.”

“ఏటే గుంటా, అది నా సొమ్మేటి? పంచాయతీది.”

“మరి మేమెవులిమత్తా?”

డప్పు ఆగింది. అత్త నావైపు చూసింది. పోనియ్యమంటుందేమోనని నేను ముందే ఇంజను ఆపేసి, బండి మొరాయించిందని చెప్పాను. ఆవిడ నమ్మలేదు గాని కోప్పడలేదు. ఈ అత్తే వయసులో తాడు పట్టిందంటే ఆర్టీసీ బస్సు కూడా కదిలేది కాదని మా అమ్మ చెబుతుండేది. దిగి వచ్చి, తాడు మీద చెయ్యి వేసి నిలబడింది.

“వ్యాను రేపేనేటే?”

చెల్లి తల వంచుకునే ఊపింది.

అత్త రొంటిన దోపుకున్న గుత్తిలోంచి ఒక తాళంచెవి విడదీసింది. “ముందు ఊడ్సుకోండి. కొట్టు పెట్టాలంటే మాత్రం సభ ఒప్పుకోవాలి.”

“ఒప్పుకోపోతే ఊడ్సిన గదులే తిరిగిచ్చేత్తాం,” అంది చెల్లి. తాడు దిగింది. నా బండి కూడా వెంటనే బాగైపోయింది.

మర్నాడు వ్యాను వచ్చి హారను మోగించింది. చెల్లి జుట్టు నిండా బూజుతో, చీపురుతో బయటికొచ్చి రాలేమని చెప్పింది. ఏజెంటు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. వ్యాను మలుపు తిరిగేదాకా చూసి, మెల్లగా అడిగింది.

“సభలో కాదంటే ఏటన్నా?”

“నా ఆటో ఎనకాల కూకొని అమ్ముదువుగాని. నేను హారను కొడతాను.”

ఎన్నాళ్లకో నవ్వింది. చీపురు మాత్రం గట్టిగా పట్టుకునే ఉంది.

సభనాటికి గోడలకు ఎర్రమట్టి పూత, గుమ్మంలో ముగ్గు. సభ ఆ గదుల ముందే పెట్టారు, ఊరు కూర్చుని చూసింది. వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. కాఫీ ముసలాళ్లకు ఊరికే పోస్తారా అని ఒక తాత అడిగాడు, అంతే. నిలదొక్కుకునేదాకా అద్దె వద్దని, కొళాయి పంచాయతీయే వేయిస్తుందని తీర్మానించారు.

నీలం బ్యాగు చెన్నై చూడలేదు. రోజూ పొద్దున్నే చోడిపిండితో నా ఆటో ఎక్కుతుంది. ఛార్జీ అడిగితే, నా బండికే అడ్డం పడతానన్నట్టు చెల్లి కొట్టు గోడకు వేలాడే ఆ తాడు చూపిస్తుంది.