మాస్టారి తిట్లు

మా పక్కింటి మాస్టారు గడిచిన మంగళవారం చనిపోయారు. నేను కొట్లో కొత్తిమీర ఏరుతుంటే మా ఆయన ఫోన్ చేశాడు.

“మాస్టారు పోయారే. గరాజ్‌లోనే. అంబులెన్స్ వాళ్ళు ట్రై చేశారు గానీ హార్ట్ ఆగిపోయిందట. డ్రైవ్ చేస్తున్నావా? అయితే పక్కకి ఆపు.”

“కొట్లో ఉన్నా. ఇంకేమైనా తేవాలా?” అన్నాను. అంతే అన్నాను. రెండు కట్టలు తీసుకుని, అందులో కుళ్ళినదాన్ని మార్పించుకుని ఇంటికొచ్చాను. ఏడుపు రాలేదు. మీకు అబద్ధమెందుకు చెప్పాలి, ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

మాస్టారంటే బడిపంతులు కాదు. డచ్ ఆయన. ఆపెరాలు కట్టేవారు. ఇంటర్ తప్పిన నాకు ఆపెరా అంటే ఎవరో లావుపాటి ఆవిడ గాజుగ్లాసులు పగిలేలా అరవడమనే తెలుసు. ఈయనవి అలా ఉండవు. వేదిక మీద ఒకామె పాడుతుంటే, వెనక సినిమా తెర మీద అదే మనిషి గిన్నెలు కడుగుతూ ఆమెకి అడ్డం పడి పాడుతుంది. తనతో తనకే తగువన్నమాట. వాయించేది మేళం కాదు, కంప్యూటర్. అందులో మా ఇంటి డ్రయ్యర్ చప్పుడు కూడా ఉంది. దాన్ని సాగదీసి సాగదీసి సముద్రం చేశారు. “మీ తువ్వాళ్ళు బాగా పాడాయి” అని నాకు థాంక్స్ కూడా చెప్పారు.

అమెరికాలో మేముండే ఊరు బాతెల్‌లో సాయంత్రమైతే కాకులు వేలల్లో దిగుతాయి. ఆయన పెరట్లో మైకు పెట్టుకుని వాటికోసం కూర్చునేవారు. నేను కంచె వెనక నక్కి కాకిలా అరిచాను. వరసగా మూడు రోజులు. నాలుగో రోజు కంచె మీదుగా ఆయన తల లేచింది. “నిజం కాకి అరిచే ముందు గాలి పీల్చుకుంటుంది. మీరు పీల్చడం లేదు. మళ్ళీ చెయ్యండి” అన్నారు, ఇంగ్లీషులోనే అనుకోండి. తిట్టాల్సిన చోట తప్పు దిద్దిన మనిషిని మాస్టారనక ఏమనాలి? ఆ ‘మాస్టారు’ అన్న మాట మా భాషలో ఏదో బూతని ఆయనకి చాలాకాలం అనుమానం.

అలా ఆయన స్టూడియోగా మార్చుకున్న గరాజ్‌లో పనికి కుదిరాను. తీగలు చుట్టడం, లైట్లు పట్టుకోవడం. అక్కడో పద్ధతి ఉంది. సినిమా ముక్క ఒకటి తీయగానే అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిమిషంపాటు కదలకుండా నిలబడాలి. ఖాళీ గది చప్పుడు రికార్డ్ చేసుకుని, తర్వాత మాటల మధ్య సందుల్లో అతుకుతారు. “మనం నోరు మూసుకున్నాక గది నోరు తెరుస్తుంది” అనేవారు మాస్టారు.

నేను నోరు మూసుకోవడమా? ఒకసారి ఆయన కోటు జేబులో కీ ఇచ్చిన కోతిబొమ్మ పెట్టాను. ఇంకోసారి, ఊపిరి బిగబట్టి నిలబడ్డ గాయనికి కాలి దగ్గర సాలీడు ఉందని సైగ చేశాను. మాస్టారు డచ్‌లో మొదలెట్టి, ఇంగ్లీషులోకి దిగి, నేను నేర్పిన “కోతిదానా!” దగ్గర ఆగేవారు. ఆపైన నవ్వు. నవ్వు చివర దగ్గు. “పాడైపోయింది, తీసెయ్” అనేవారు.

తీసెయ్యడం నా పనే. ప్రతి శుక్రవారం హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ ఖాళీ నిమిషాలన్నీ విని, మనిషి అలికిడి ఉన్నవి చెరిపేసి, శుభ్రమైనవి ఉంచాలి. ఏ పనీ చివరిదాకా చెయ్యనిదాన్ని, అది మాత్రం ఒక్కటి మిగల్చకుండా చేశాను. కంప్యూటర్లో చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేదాన్ని.

ఆయన పోయాక, మొన్న శుక్రవారం ఆయన కూతురు వాళ్ళ దేశం నుంచి వచ్చింది. అచ్చం ఆయన ముక్కే. రెండు రోజులు కంప్యూటర్లన్నీ వెతికి నిన్న మా ఇంటికొచ్చింది. అందరి గొంతులూ ఉన్నాయట, కాకులున్నాయట, వాళ్ళ నాన్నది లేదట.

“ఎల్లుండి సంతాపసభలో ఒక్క నిమిషమైనా నాన్న గొంతు వినిపించాలి. ఆ తర్వాత నాకు మిగిలేదీ అదే. మీరు పాడుచేసినప్పుడల్లా తిట్టేవారట కదా. ఆ తిట్లివ్వండి, చాలు.”

“చెరిపేశాను” అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. “మీరు మొదటిసారి చెప్పింది నమ్మొద్దని నాన్న ముందే చెప్పారు.”

“నిజంగా చెరిపేశాను. అన్నీ. ఆయనే చెయ్యమన్నారు.”

“అబ్బ, ముఖం ఎంత బాగా పెట్టారో!”

మా ఆయన వంటింట్లోంచి తొంగిచూశాడు. “ఏమే, ఇవాళైనా మానవా? పాపం ఆ పిల్లని ఏడిపించకు. ఎక్కడ దాచావో ఇచ్చెయ్.”

నేనేం దాచానోనని ఆమె నా వీపు వెనక్కి తొంగిచూసింది. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు తెరిచి చూపించాను. ఆమె తన అరచెయ్యి నా చేతుల కింద పట్టింది. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. ఎదురుచూస్తోంది.