కల్యాణానికి అర్థం చెప్పే మనిషి

గంగాధరం పుంగనూరు దగ్గరి ఒక పల్లెలో ఎనిమిదెకరాల రైతు. అలాంటి రైతులు చాలామంది ఉన్నారు. దేవుడి పెళ్లికి అర్థం చెప్పేవాడు మాత్రం ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే.

ఏ గుళ్లో కల్యాణం జరిగినా పూజారి మంత్రం చదువుతాడు, గంగాధరం మైకు పట్టుకుని దాని లోపలి సంగతి విప్పుతాడు. సీతమ్మ జీవాత్మ. రామయ్య పరమాత్మ. పెళ్లంటే ‘నేను’ అనేది కరిగిపోవడం. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన ఎడమచెయ్యి గుండెల మీద ఉంటుంది. కుడిచెయ్యి మైకును వదలదు.

మదనపల్లెలో జీవాత్మ టమోటా. పచ్చిగా ఉన్నంతకాలం తొడిమను వదలదు, మాగితే తనంతట తనే చేతికొస్తుంది. పుంగనూరులో జీవాత్మ పాలు. తోడు పడనిదే పెరుగు కాదు. కుప్పంలో జీవాత్మ పొద్దున్నే బెంగుళూరు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఉద్యోగి. అక్కడ ముందు వరసల్లో సగంమంది ఇండ్లలో మాట్లాడేది అరవం. చప్పట్లు అక్కడే ఎక్కువ పడ్డాయి. ఆ తర్వాత ఆయన అర్థాన్ని ఇంకొంచెం పొడిగించాడు.

పోయిన చోటల్లా శాలువా కప్పుతారు. బీరువా నిండిపోయాక ఆయన భార్య ప్రసన్నలక్ష్మి మిగిలినవి చలికాలంలో దూడలకు కప్పడం మొదలుపెట్టింది. పాకలో దూడలు సన్మానం అందుకున్న పండితుల్లా నెమరువేస్తుంటాయి.

వాళ్ల పల్లె రాములవారి గుళ్లో ఒక కట్టుబాటుంది. ఏటా శ్రీరామనవమికి ఒక ఇంటివాళ్లు సీతమ్మకు తల్లిదండ్రులై పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉండాలి, ఒంటిగా కూర్చుంటే చెల్లదు. తొమ్మిది ఇండ్లు, తొమ్మిదేండ్లకొక వంతు. గంగాధరం ఇంటి వంతు అప్పటికి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఆయన మైకు దగ్గర ఉండవలసి వచ్చి, పీటల మీద తమ్ముడినీ మరదలినీ కూర్చోబెట్టాడు. ప్రసన్నలక్ష్మి ఆడవాళ్ల మధ్య కూర్చుని జీవాత్మ గురించి విన్నది.

ఈ ఏడు మూడో వంతు. ఉగాది మరునాడే ఆమె మాట తీసింది.

“ఈ తూరి నేను కూసుంటా.”

“కూసో. తమ్మునితో సెప్పి...”

“మీ తమ్ముని పక్కన నేను యాల కూసుంటా? నీ పక్కన.”

“నేను కూసుంటే అర్థం ఎవురు సెప్తారే?”

“రామునికి తెలీదా? సీతమ్మకి తెలీదా? ఎవురికయ్యా నువ్వు సెప్పేది?”

“జనానికి.”

“జనం పానకానికి వస్తాండారు.”

గంగాధరం నొచ్చుకున్నాడు. ఆమె అది పట్టించుకోలేదు.

“ఇంగ తొమ్మిదేండ్లకి నాకు అరవై నాలుగు. అప్పటికి ఈ మోకాళ్లు పీట మీద మడుస్తాయో లేదో. నిన్ను ఏమీ అడిగిందాన్ని కాదు. ఇదొక్కటే అడుగుతాండాను.”

ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, నేరుగా పుంగనూరుకు పోయి, సౌండుసెట్టు అంగడి మునిశేఖర్‌ను పీటల పక్కన ఒక మైకు పెట్టమన్నాడు.

“పెండ్లికూతురు నాయన మైకులో మాట్లాడేది యాడన్నా సూసినావా అన్నా?” అన్నాడు మునిశేఖర్. “ఆయప్ప ఏడుస్తాడు, అంతే.”

“జనకుడు జ్ఞానిరా. మాట్లాడతాడు.”

పూజారి వెంకటస్వామి దానికి ఒప్పుకోలేదు. హోమం దగ్గర వైర్లు వద్దన్నాడు. మైకు ఎప్పటిలా పందిరి స్తంభం దగ్గరే నిలిచింది. పీటలకు ఐదడుగుల దూరం. ఐదడుగులే కదా, మధ్యలో లేచిపోయి చెప్పి రావచ్చు అనుకున్నాడు గంగాధరం.

నవమినాడు పదకొండుకే పందిరి నిండింది. ఫ్లెక్సీలో రామయ్య, సీతమ్మ, గంగాధరం ఉన్నారు. ఎవరి బొమ్మ పెద్దదో చెప్పనక్కరలేదు. ప్రసన్నలక్ష్మి తన పెళ్లినాటి అరటాకు రంగు పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చుంది. పూజారి ఆమె కొంగునూ గంగాధరం పైపంచె కొసనూ దగ్గరికి తీసి, లోపల వక్క, పసుపుకొమ్ము పెట్టి ముడివేశాడు.

మంత్రాలు సాగుతున్నాయి. మధ్య మధ్య ఖాళీలు వస్తున్నాయి. ఆ ఖాళీలన్నీ ఇరవై ఏండ్లుగా గంగాధరానివే. ఆయన పెదవులు వాటంతట అవే కదులుతున్నాయి.

“ఈ తూరి ఎవురూ మాట్లాడరా?” అని ముందు వరసలో ఎదురింటి ఎల్లమ్మ పక్కామెను అడగడం ఆయనకు వినిపించింది. ఆ మాటతో ఇక ఆగలేకపోయాడు.

రామయ్య పాదాలు కడిగే వేళ అయింది. ప్రసన్నలక్ష్మి నిండు చెంబు రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. పాదాలకు గంగాధరం దగ్గర పన్నెండు నిమిషాల అర్థం ఉంది. ఆయన సగం లేచాడు. భుజం మీద పైపంచె బిగుసుకుంది.

“లెయ్యే,” అన్నాడు మెల్లగా. “రొండు ముక్కలు సెప్పొస్తాం.”

“నేను లెయ్యను.”

“ముడన్నా ఇప్పు.”

పూజారి మంత్రం ఆపాడు. “పెండ్లి అయ్యేదాకా ఇప్పకూడదప్పా. అవతల ముహూర్తం దాటిపోతాండాది.”

“పైపంచె ఈడ ఇడిసిపెట్టి పోయ్యా,” అంది ప్రసన్నలక్ష్మి, గొంతు పెంచకుండానే. “దాన్నే పక్కన పెట్టుకోని దానం సేస్తా. ఇరవై ఏండ్లుగా నేను కాపురం సేసేది దాంతోనే కదా.”

ముందు వరసలు నవ్వాయి. వెనక వరసలు ఏమన్నదో కనుక్కుని నవ్వాయి. కుప్పంలో కూడా ఆయన అంత నవ్వు వినలేదు.

గంగాధరం చెయ్యి భుజం మీదికి పోయింది. పైపంచె జారిస్తే చాలు, ఐదడుగులు. ఆమె ఆయనవైపు చూడలేదు. నిండు చెంబు ఎత్తిన చేతుల్లోనే ఉంది. అంచున నీళ్లు కదులుతున్నాయి. ఆమె పోయలేదు, దించలేదు.

ఆయన కూర్చున్నాడు.

ఆమె నీళ్లు పోసింది. పాదాలు రెండు చేతులతో కడగాలి. ఆ పాదాల గురించి ఆయన ఊరూరా చెప్పాడు. వాటిని ముట్టుకోవడం ఇదే మొదలు. ఇత్తడి వేళ్లకు గోళ్లు చెక్కి ఉన్నాయి. ఎడమకాలి చిటికెనవేలు అరిగిపోయి ఉంది. దానికి ఏం అర్థం చెప్పాలో ఆయనకు తోచలేదు. ఆ వేలిని ఇంకొకసారి కడిగాడు.

పన్నెండుకల్లా తాళి కట్టారు, తలంబ్రాలు పోశారు. ఎవరూ ఏమీ వివరించలేదు. ఎల్లమ్మ పానకం గ్లాసుతో పీటల దగ్గరికి వచ్చింది.

“ఈ తూరి పెండ్లి బిన్నే, పన్నెండుకే అయిపాయనప్పా. సూసేదానికి బాగుండాది. పాపం, మైకు సెడిపోయినట్టుండాది.”

చెడిపోలేదని చెప్పడానికి గంగాధరం నోరు తెరిచాడు.

“పానకం తాగు,” అంది ప్రసన్నలక్ష్మి.